చార్జింగ్‌కి పెట్టిన ఫోను

రేకుల గది. నాలుగడుగుల వెడల్పు.
ఈ ఒడ్డు మొత్తానికీ ఇదే బ్యాంకు.
నేనే మేనేజరు, నేనే గుమస్తా,
మధ్యాహ్నం మేక లోపలికి దూరితే
నేనే కాపలా.

పొద్దున్నే ఎంబిటా రేవుకి పడవలొస్తాయి.
ఒమేనా చేప చిటికెన వేలంత కూడా ఉండదు,
వలల మీద ఆరబోస్తే
ఇసకంతా చిల్లర పారబోసినట్టు మెరుస్తుంది.
తొమ్మిదయ్యేసరికి ఆ మెరుపంతా
మెసేజీలై నా దగ్గరికొస్తుంది.

ఎవరు ఎవరికి పంపుతున్నారో నాకు తెలుసు.
పాస్టరు ప్రతి శుక్రవారం
కిసుమూలో ఎవరికో మూడొందలు పంపుతాడు.
పుస్తకంలో రాస్తాను: తేదీ, మొత్తం, సంతకం.
మిగతాది రాయడానికి గడి లేదు.

కంపెనీ శిక్షణలో చెప్పింది ఒక్కటే గుర్తుంది:
జనం రహస్య అంకెలు నొక్కేటప్పుడు
తల తిప్పుకో.
పదకొండేళ్లుగా తిప్పుకుంటూనే ఉన్నాను.
ఎవరైనా జేబులో చెయ్యి పెడితే చాలు,
మెడ సరస్సు వైపు తిరిగిపోతుంది.

దానీ నేరియా దగ్గర మాత్రం కుదర్లేదు.
(ముసలమ్మల్ని మేం దానీ అంటాం.)
కళ్లకి పొరలు. మొదటిసారి వచ్చినప్పుడు
లేసో చెంగు ముడి విప్పింది,
చేపల వాసన, చెమటకి అతుక్కుపోయిన నోట్లు.
"ఈ ముడి దొంగ విప్పగలడు,
నా కోడలు విప్పగలదు.
ఎవరూ విప్పలేని ముడి వెయ్యవే పిల్లా."
నాలుగు అంకెలు అనుకోమన్నాను.
గట్టిగా అరిచి చెప్పబోతే నోరు మూశాను.
నా అరచేతిలో వేలితో రాసింది.

అవి ఆమె మొగుడి పడవ పక్కన
తెల్లరంగుతో రాసుండే అంకెలట.
పడవ లేదు, అతనూ లేడు.
ఒక రాత్రి లోల్వే సరస్సు రెంటినీ ఉంచేసుకుంది.

పెద్దవానల్లో ఒక మంగళవారం
పది షిల్లింగులిచ్చి ఫోను చార్జింగ్‌కి పెట్టి వెళ్లింది.
బుధవారం రాలేదు.
గురువారం ఏడుపు వినపడింది.

ఫోను నా బల్ల మీదే, తొమ్మిది ఫోన్ల మధ్య,
రబ్బరు బ్యాండు చుట్టుకుని.
శనివారం పూడ్చారు. ఆదివారం అది మోగింది.
మోటారుసైకిలు తోలే ఒబురా, రెండొందలు.
మర్నాడు చపాతీలమ్మే ఫెలిస్టా, నూట యాభై.
చేపలు అరువు తీసుకుని
ఏళ్లతరబడి ముఖం చాటేసినవాళ్లు.
బతికున్నవాళ్లకి ఎగ్గొట్టొచ్చు గానీ
చచ్చినవాళ్ల బాకీతో ఎవరికి నిద్రపడుతుంది?
ఇంకెవడో, పేరు కూడా ఎరగను, నలభై పంపాడు.
నలభై.

తెర మీద వెలిగిందల్లా చదివాను.
ఈ నెల గది అద్దె కట్టలేదు, అదీ చెప్పాలిగా.
రాత్రి నా అరచేతిలో నేనే
ఆ నాలుగు అంకెలూ రాసుకున్నాను,
ఒక్కసారి కాదు.

పదో రోజున మనవరాలు అపోండి వచ్చింది,
స్కూలు యూనిఫాంలోనే.
ఆఫీసులో మరణపత్రం అడుగుతున్నారట,
చీఫ్ ముద్ర అడుగుతున్నారట,
శవపేటిక డబ్బుకి వడ్రంగి రోజూ గుమ్మంలో కూచుంటున్నాడట.
"అంకెలు నీకు తెలుసా అక్కా?"
తెలుసనలేదు. తెలీదనీ అనలేదు.
"మీ తాత పడవ మీద ఏం రాసుండేది?" అన్నాను.

ఆ పిల్ల పుట్టకముందే మునిగిన పడవ.
తెల్లముఖం వేస్తుందనుకున్నాను.
నవ్వింది.
"దానీ మాకు అంకెలు నేర్పిందే వాటితో.
ఒకటి, రెండు, మూడు
తర్వాతెప్పుడో బళ్లో వచ్చాయి."

రబ్బరు బ్యాండు తీసి ఫోను చేతికిచ్చాను.
వేలు మొదటి అంకె మీదికి వెళ్తుండగా
నా మెడ దానంతటదే తిరిగింది.
మేక మళ్లీ లోపలికి దూరింది.
దాన్ని తోలడానికైనా
ఇటు తిరగలేదు.